పట్నంలో బస

“హోటలు గదికే అంత పోస్తే ఇక ఊళ్ళో ఏం చూస్తాం? ఆ గది గోడలు చూస్తూ కూచోవాలి,” అన్నారు మావారు.

దసరా సెలవులకి పిల్లల్ని హైదరాబాదు తీసికెళ్ళాలని మూడేళ్ళుగా అనుకుంటూ వచ్చాం. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డం. ఈసారి వెనక్కి తగ్గే వీల్లేకుండా రైలు టిక్కెట్లు ముందే కొనేశాను. చార్మినారు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ అని మా అమ్మాయి ఒక కాగితం మీద రాసిపెట్టుకుంది. అవన్నీ చూడ్డానికయ్యే ఖర్చు కూడితే, నాలుగు రాత్రులు తలదాచుకోవడానికయ్యే ఖర్చులో సగం కూడా లేదు! ఊళ్ళో చుట్టాలు లేరా అంటే ఉన్నారు. రెండు గదుల ఇంట్లో నలుగురు ఉంటున్నారు. అక్కడికి మేం నలుగురం సంచులు పట్టుకుని దిగితే “అయ్యో, అడగాలా, రండి రండి” అనే అంటారు. రాత్రి ఆ ఇంటాయన వంటింట్లో చాప వేసుకుంటాడు. ఆ పాపం నాకెందుకు?

మా అబ్బాయి ఫోనులో గదుల బొమ్మలు చూపించాడు. ప్రతి మంచం మీదా హంసలా మడిచిన తువ్వాలు. “ఆ హంసకి విడిగా ఎంత తీసుకుంటారో కనుక్కోరా,” అన్నారు మావారు. చివరికి పాత పద్ధతే ఖాయమైంది. స్టేషన్లో దిగడం, సామాను ఒకచోట పెట్టి నేనూ పిల్లలూ కాపలా కాయడం, ఆయన వెళ్ళి నాలుగు లాడ్జీలు చూసి రావడం. మా నాన్నగారు అలాగే చేసేవారు. మా తాతగారూ అలాగే చేసి ఉంటారు. కాకపోతే లాడ్జి బదులు సత్రం.

నాంపల్లిలో తెల్లారగట్ల దిగాం. ఆయన గదుల వేటకి వెళ్ళారు. స్టేషను బయట ఒక పక్కగా సంచుల మీద కూచుని టీ తాగుతూ చూస్తే, ఎదురుగా ఒక పాత కట్టడం. కమానుల వరస, నల్లబడిన గోడలు. కొత్తగా వచ్చిన మెట్రో స్తంభాల పక్కన అది, పెళ్ళిలో ఎవరూ పలకరించని ముసలాయనలా ఉంది. పక్కనున్న ఆటో అతన్ని అడిగాను.

“అదా అమ్మా? సరాయి. ఎనకట ఊరికి కొత్తగ వచ్చినోళ్ళు ఆడనే ఉంటుండె,” అన్నాడతను.

నవలలు రాసుకునేదాన్ని, చరిత్ర నా పని కాదు. అయినా ఆ మాట నన్ను పట్టుకుంది. గది దొరక్క రోడ్డు మీద కూచున్నవాళ్ళకి ఎదురుగా, గదులున్న ఇల్లొకటి వందేళ్ళుగా నిలబడి ఉండడం ఏమిటి? ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను. పట్నం వచ్చినవాడు రాత్రి ఎక్కడ పడుకున్నాడన్నది చిన్న ప్రశ్నేం కాదని అప్పుడు తెలిసింది.

నాంపల్లి స్టేషను 1907లో కట్టారు. ఆ తర్వాత పన్నెండేళ్ళకి, 1919లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాని ఎదురుగా ఈ సరాయి కట్టించాడు. టీపూఖాన్ సరాయి అనీ అంటారు. అసలు పెట్టిన పేరు సుల్హ్ సరాయి. సుల్హ్ అంటే సంధి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి శాంతి కుదిరిన సందర్భానికి గుర్తన్నమాట. యుద్ధంలో నిజాం ఇంగ్లీషువాళ్ళకి డబ్బూ దళాలూ ఇచ్చాడు. ఆ యుద్ధం ఆగినందుకు మిగతా దేశాలు స్తూపాలు కట్టించుకున్నాయి, శిలాఫలకాలు చెక్కించుకున్నాయి. ఈ ఊళ్ళో మాత్రం రైలు దిగినవాడు మూట దించుకోవడానికి చోటు కట్టారు. నిజాంగారి పిసినారితనం గురించి ఎన్ని కథలైనా చెప్పుకోనివ్వండి, ఈ ఒక్క విషయంలో ఆయనకి నా ఓటు. యుద్ధ స్మారకాల్లో పనికొచ్చేది ఇదొక్కటే అనిపించింది నాకు. అదీ తరవాత్తరవాత పట్టించుకునేవాళ్ళు లేక చాలా ఏళ్ళు శిథిలంగా పడి ఉంది.

హైదరాబాదుకి సరాయి కొత్త కాదు. ఊరు పుట్టకముందు, గోల్కొండ ఒక్కటే ఉన్న కాలంనుంచీ వజ్రాలకోసం, బట్టలకోసం పరదేశి వర్తకులు వస్తూనే ఉన్నారు. వాళ్ళ బిడారులు దిగిన చోటు పేరే కార్వాన్. ఇప్పటికీ బస్సుల మీద ఆ పేరుంది. గోల్కొండకి దగ్గర్లో షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉంది. రెండంతస్తులు, దాదాపు ముప్ఫై గదులు, జంతువులని కట్టుకోవడానికి శాల, పక్కనే మసీదు. ఊరికి తూర్పున హయత్‌నగర్లో హయాత్ బక్షీ బేగం పేరుతో ఉన్న మసీదు చుట్టూ అయితే గదులు వందకు పైనే. ఆవిడ చార్మినారు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, తర్వాతి సుల్తానుకి భార్య, ఆ తర్వాతి సుల్తానుకి తల్లి. అక్కడికి దగ్గర్లోనే పెద్ద బావి కూడా ఉంది. దాన్ని ఏనుగుల బావి అంటారు. నీళ్ళు, పడుకోవడానికి గది, ప్రార్థనకి చోటు, గుర్రానికి గడ్డి. ఇంకేం కావాలి? హంస తువ్వాలు ఒక్కటే తక్కువ.

పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు ఇక్కడికి చాలాసార్లు వచ్చాడు. వచ్చినవాడు ఊరికే వెళ్ళకుండా అన్నీ రాసిపెట్టుకున్నాడు. శివారు పేటలో రెండు మూడు అందమైన మసీదులున్నాయనీ, పరదేశులకి అవే బసలనీ రాశాడు. నాకు అంతకంటే నచ్చిన సంగతి మరొకటి ఉంది. కొత్తవాడు ఊరి ద్వారం దగ్గరికి వస్తే వెంటనే లోపలికి పోనిచ్చేవారు కాదట. ఉప్పూ పొగాకూ దాచి తెస్తున్నాడేమోనని వెతికేవారట. ఆ రెండిటి మీదా రాజుగారికి మంచి రాబడి. సిపాయి వెళ్ళి తన పైవాడికి చెప్పాలి, ఆయన ఇంకా పైవాడికి కబురంపాలి. ఒక్కోసారి లోపలికి అనుమతి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టేదట. లాడ్జి గుమాస్తా మన ఆధార్ కార్డు పట్టుకుని జిరాక్సుకి వెళ్ళి ఎంతకీ రాకపోతే, కౌంటరు ముందు నిలబడి మనం విసుక్కుంటాం చూడండి. మూడొందల యాభై ఏళ్ళ కిందట వజ్రాల మూటతో టావెర్నియే దొరకీ అదే గతి. నువ్వెవరు, ఎక్కడినించి, ఎందుకొచ్చావు? డబ్బు సంగతి ఆ తర్వాతే.

ఆ ప్రశ్నని మనసులో పెట్టుకుని, మన తెలుగు సత్రాల సంగతి చూద్దాం.

గుంటూరు సీమలో మందడం దగ్గర మల్కాపురంలో ఒక శాసనం ఉంది. కాలం 1261. వేయించింది కాకతి రుద్రమదేవి. విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామాన్ని ధారపోసి, ఆ రాబడిలోంచి మఠం, పాఠశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం నడపాలని ఏర్పాటు. ప్రసూతిశాల! అది ఏలిక ఆడమనిషి కాబట్టి తోచిందా, శివాచార్యుడికి తోచిందా అని వాదించుకోవచ్చు. నాకెటు తోస్తుందో మీకు తెలుసు. అంతకంటే గొప్ప మాట ఒకటి ఆ శాసనంలో ఉంది. బ్రాహ్మడు మొదలు చండాలుడి దాకా, ఆకలితో వచ్చిన ఎవరికైనా ఏ వేళప్పుడైనా అన్నం పెట్టాలి. తలుపు వేయకూడదు. రాయించింది మహారాణి, రాసింది రాతి మీద. ఆ తర్వాత ఆరేడు వందల ఏళ్ళు మనం ఆ రాతి మీద మాటని ఎంత హాయిగా మర్చిపోయామో తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

రుద్రమ రాజధాని ఓరుగల్లులో డబ్బిచ్చి తినే ఏర్పాటూ ఉండేది. ‘క్రీడాభిరామం’ చదివినవాళ్ళకి తెలుసు. అది వినుకొండ వల్లభరాయడు రాశాడని ఒక పక్షం, కాదు శ్రీనాథుడే రాశాడని ఒక పక్షం. పండితుల తగాదాలో మనం తలదూర్చొద్దు. అందులో మంచనశర్మ, టిట్టిభశెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక పగలంతా ఓరుగల్లు వీధులన్నీ చుట్టబెడతారు. అంటే సెలవులకి పట్నం చూడ్డానికి వెళ్ళిన తొలి తెలుగువాళ్ళు వాళ్ళే అనుకోవచ్చు. మధ్యాహ్నానికి ఆకలేస్తుంది. పూటకూళ్ళింటికి వెళతారు. ఒక్క రూకకి సన్నబియ్యపన్నం, పిండివంటలు, పప్పు, నెయ్యి, పళ్ళు, పెరుగు వడ్డిస్తారని కవి నోరూరించేలా చెబుతాడు. ధర కూడా చెప్పిన కవి కనక నాకు ఆయనంటే గురి. మన కావ్యాల్లో విందులు చాలా ఉన్నాయి గానీ, బిల్లు చెప్పినవి ఎన్ని?

ఈ పూటకూళ్ళిళ్ళు కాలక్రమాన చాలావరకు ఆడవాళ్ళ చేతికొచ్చాయి. మొగుడు పోయి, పుట్టింట అన్నగారి పెత్తనం, అత్తింట ఆడబిడ్డ పెత్తనం పడలేని ఆడది, తనకి చేతనైన ఒక్క విద్యతో, అంటే వంటతో, పట్నంలో ఒక ఇల్లు అద్దెకి తీసుకునేది. కోర్టు పనిమీద వచ్చిన కరణాలకి, చదువుకునే కుర్రాళ్ళకి, పరీక్షలకొచ్చిన పంతుళ్ళకి వండిపెట్టేది. కొందరు ఆ అరుగు మీదే పడుకునేవారు. చవకైన బస అంటే పట్టణాల్లో చాలా కాలం అదే. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది 1892లో. అందులో పూటకూళ్ళమ్మ గుర్తుందిగా? చీపురుకట్ట పుచ్చుకుని గిరీశం కోసం వచ్చే పూటకూళ్ళమ్మ? ఆవిడ డబ్బు తిన్నవాడు మంచం కింద దాక్కుంటే, నవ్వేది మాత్రం ఆవిణ్ణి చూసే.

‘పూటకూళ్ళమ్మ పుణ్యమెరుగునా’ అని సామెత కూడా కట్టారు మనవాళ్ళు. ఉచితంగా పెట్టినవాడికి పుణ్యం, శిలాఫలకం, వీధికి పేరు. నాలుగు డబ్బులు తీసుకుని, వేళకి వేడిగా పెట్టినావిడకి సామెత! ఆ నాలుగు డబ్బుల్లో కట్టెలు, ఉప్పు, ఇంటద్దె పోగా ఆవిడకి మిగిలేదెంత? ఎన్ని వందలమంది ఇలా పట్నాలని నిలబెట్టారో, వాళ్ళలో ఒక్కరి పేరూ ఎక్కడా చెక్కలేదు. తరవాత ఉడిపివాళ్ళు వచ్చారు, కాఫీ హోటళ్ళు వచ్చాయి, పాలరాతి బల్లలొచ్చాయి. పూటకూళ్ళమ్మ వంటిల్లు చల్లారిపోయింది.

మా అమ్మమ్మ తరంవాళ్ళకి పట్నమంటే హైదరాబాదు కాదు, చెన్నపట్నం. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా మనకి కోర్టన్నా, పెద్ద చదువన్నా, పెద్దాసుపత్రన్నా మద్రాసే కదా. ఆ తర్వాత కూడా చాలాకాలం సినిమా అంటే మద్రాసే. పెళ్ళికి ముందు, పదేళ్ళ వయసులో, తను ఒక్కసారి చెన్నపట్నం చూసిందిట అమ్మమ్మ. జీవితాంతం అదే చెప్పేది. మూర్ మార్కెట్టు, దాని వెనకనే ‘బతికిన కాలేజీ’, ఎగ్మూరులో ‘చచ్చిన కాలేజీ’. అంటే జంతుప్రదర్శనశాల, మ్యూజియం అన్నమాట! పల్లెటూళ్ళనించి వెళ్ళినవాళ్ళు వాటికి పెట్టుకున్న పేర్లవి. బతికినదాన్ని 1985లో వండలూరుకి తరలించారు. మూర్ మార్కెట్టూ ఆ ఏడే కాలిపోయింది. చచ్చినది మాత్రం నిక్షేపంలా ఉంది.

“ఎక్కడ దిగారే అమ్మమ్మా?” అని అడిగితే, “ఎక్కడేవిటే, స్టేషనెదురుగుండా సత్రంలోనూ!” అనేది, అదేం ప్రశ్న అన్నట్టు.

మద్రాసు సెంట్రల్ స్టేషను 1873లో వచ్చింది. దాని ఎదురుగా రాజా సర్ సవలై రామస్వామి మొదలియారు కట్టించిన సత్రం ఉంది. ఆయన దుబాసీ వర్తకుడు, మద్రాసుకి షెరీఫుగా కూడా పనిచేశాడు. రాయపురంలో ఆయన పేరుతో పురుళ్ళ ఆసుపత్రీ ఉంది. వర్తకంలో గడించినవాడు ఇటు రైలు దిగినవాడికి పక్క, అటు ప్రసవించేదానికి మంచం ఏర్పాటు చేశాడు. మల్కాపురం శాసనం చదివి వచ్చిన వాళ్ళకి ఇదెక్కడో విన్నట్టు ఉంటుంది.

ఈ సత్రాలని ఇంగ్లీషువాళ్ళు ‘చౌల్ట్రీ’ అనేవారు. ఇది మన చావడే! చావడి వాళ్ళ నోట్లో పడి అలా తయారైంది. మద్రాసులో తొలిరోజుల్లో కంపెనీవాళ్ళ చిన్న కోర్టు కూర్చున్నది కూడా చావడిలోనే, అందుకని దానికి చౌల్ట్రీ కోర్టని పేరు. 1782 కరువులో గంజి పోయడానికి పెట్టిన మణియకారర్ సత్రమే పెరిగి పెరిగి స్టాన్లీ ఆసుపత్రి అయింది. అందుకే అక్కడి జనం దాన్ని చాలాకాలం ‘గంజితొట్టి ఆసుపత్రి’ అన్నారు.

అమ్మమ్మ చెప్పిన సత్రం వైభవం ఇదీ. వరండాలో ఒక వార ఇటుకల పొయ్యి. బియ్యం, చింతపండు, ఆవకాయ జాడీ, మరచెంబు ఇంటినించే. పరుపుచుట్ట కింద పరిస్తే మంచం, మీద కూచుంటే కుర్చీ. నూతి దగ్గర తెల్లారకముందే ఆడవాళ్ళ స్నానాలు అయిపోవాలి. సత్రాల్లో మామూలుగా ఉండే మూడురోజుల నియమమే అక్కడా, నాలుగోరోజు మకాం ఎత్తెయ్యాలి. ఖర్చు? “ఏవుందీ, వెళ్ళేప్పుడు వాచ్‌మానుకి ఏదో అణా చేతిలో పెట్టారు మా నాన్న,” అనేది. నాలుగు రాత్రుల బస ఖర్చు లెక్కలు కట్టిన నాకు ఆ మాట వింటే కళ్ళు తిరుగుతాయి.

కానీ అదే కథలో చిన్నప్పుడు నేను పట్టించుకోని ముక్క ఒకటుంది. సత్రం గుమ్మంలో గుమాస్తా ఉంటాడు. “మీరేవిట్లు?” అని అడుగుతాడు. ముత్తాతగారు చెప్పారు. “అయితే మీకు లోపలి వసారా,” అన్నాడు. అమ్మమ్మ అక్కడ ఆగకుండా ఇటుకల పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. ‘అయితే’ అన్న మాట వేరేగా పడినవాళ్ళు ఎటు వెళ్ళారని నేనెప్పుడూ అడగలేదు. ఏ వసారా దాకానైనా రానిచ్చారా?

1917లో బరోడా స్టేషన్లో ఒక పాతికేళ్ళ యువకుడు దిగాడు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ చదువుకి డబ్బిచ్చిన బరోడా మహారాజు కొలువులో చేరడానికి వచ్చాడు. పేరు భీమరావ్ అంబేద్కర్. హిందువుల హోటల్లో ఆయనకి చోటివ్వరు. ఒక పార్సీ సత్రం ఉందని తెలిసి వెళ్ళాడు. పార్సీలకి తప్ప ఇవ్వకూడదన్నాడు దాని మనిషి. బేరాలు లేక ఖాళీగా ఉన్న సత్రం అది, అతనికీ డబ్బు అవసరమే. చివరికి, రిజిస్టర్లో ఒక పార్సీ పేరు రాసేట్టు ఒప్పందం. బసకీ భోజనానికీ రోజుకి రూపాయిన్నర. పనికిరాని సామాను నింపిన హాలు పక్కన చిన్న గదిలో ఒంటరిగా పదిరోజులు గడిపాడు. పదకొండోరోజు పొద్దున కొందరు పార్సీలు కర్రలు పట్టుకుని మేడెక్కి వచ్చారు. ఎవరు నువ్వు అని అడిగారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఊళ్ళో స్నేహితులు కూడా ఏదో వంక చెప్పి తప్పించుకున్నారు. బొంబాయి రైలు వేళదాకా ఆయన కామాఠీ బాగ్ అనే పార్కులో కూచున్నాడు.

ఇది ఆయనే తర్వాత రాసుకున్నాడు. చదివినప్పుడు నన్ను కర్రలకంటే ఎక్కువగా బాధపెట్టింది ఆ రిజిస్టరు. రూపాయిన్నర చేతిలో ఉంది, గది ఖాళీగా ఉంది, అవతలివాడికి బేరం కావాలి. అడ్డం వచ్చింది ఒక్క పేరు.

ఆ మనిషే రచనాసంఘానికి అధ్యక్షుడై తయారుచేసిన రాజ్యాంగం 1950లో అమలుకొచ్చింది. దాని పదిహేనో అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు అని పేరుపెట్టి మరీ రాశారు. మతం, కులం, పుట్టుక, ఆడా మగా భేదం చెప్పి ఎవరినీ ఆపకూడదని. పెద్ద పెద్ద హక్కుల మధ్య హోటలు మాట ఎందుకొచ్చిందో అని కాలేజీలో సివిక్సు చదివేటప్పుడు అనుకునేదాన్ని. పార్కులో ఆ సాయంత్రం గురించి చదివాక ఆ అనుమానం తీరింది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టంలో ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని ఒక్కొక్కటీ వరసగా రాశారు. మావి హోటళ్ళు కావు, ధర్మసత్రాలండీ అని ఎవరూ తప్పించుకోకుండా.

ఆడా మగా భేదం అన్నాను కదా, నాదొక అనుభవం చెప్పాలి. పన్నెండేళ్ళ కిందట ఒక సాహిత్యసభకి ఒక పెద్ద ఊరు ఒంటరిగా వెళ్ళాను. బస్సు ఆలస్యమై రాత్రి పదిన్నరకి దిగాను. సభవాళ్ళు ఇచ్చిన నంబరు మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. బస్టాండు ఎదుట లాడ్జీలో గదులున్నాయని బోర్డుంది. కౌంటరు దగ్గర కుర్రాడు నా వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. “సింగిల్ లేడీస్‌కి ఇవ్వమండీ,” అన్నాడు. రెండోచోటా అంతే. మూడోచోట పెద్దాయన. నా ఆహ్వానపత్రిక చూపించాను, అందులో నా పేరు పక్కన ‘ప్రముఖ’ అని కూడా ఉంది! ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, మర్యాదగానే, “ఒకసారి సారుతో ఫోనులో మాట్లాడించండమ్మా,” అన్నాడు. నిద్రలో ఉన్న మావారిని లేపాను. “అవునండీ, మా ఆవిడే,” అని ఆయన సాక్ష్యం చెప్పాక తాళంచెవి నా చేతికొచ్చింది. డబ్బు నాది. అదీ నా పుస్తకం మీద వచ్చింది.

బరోడా సంగతితో దీన్ని పోలిస్తే తప్పు. నన్నెవరూ కర్రలతో తరమలేదు, తెల్లారేసరికి వెళ్ళడానికి నాకు ఇల్లుంది. అయినా ఆ రాత్రి గడియ పెట్టుకుని మంచం మీద కూచుంటే పూటకూళ్ళమ్మే గుర్తొచ్చింది. ఆవిడ ఉండి ఉంటే “వేళకాని వేళొచ్చావు, అన్నం లేదు” అని నాలుగు తిట్టి, అరుగు మీద చాప పరిచేది. మీ ఆయనతో మాట్లాడించు అనేది కాదు.

నాంపల్లికి వస్తాను. ఎండెక్కాక తిరిగొచ్చారు మావారు, చెమటలు కక్కుకుంటూ. మొదటిచోట గదికి కిటికీ లేదట. రెండోచోట ముగ్గురికి మించి ఇవ్వరట. మూడోచోట బోర్డు మీద ఒక రేటు, నోటితో ఒక రేటు. 1867 నాటి సరాయిల చట్టంలోనే సరాయి నడిపేవాడు బస రేట్లు రాసి, జనానికి తెలిసే భాషల్లో, కనబడేచోట వేలాడదీయాలని ఉంది. నూతులూ కాలవలూ శుభ్రంగా ఉంచాలనీ, కావలివాణ్ణి పెట్టాలనీ కూడా ఉంది. ఈ సంగతి నాకు ఆవేళ తెలిసుంటే ఆ మూడోచోటికి నేనే వెళ్ళేదాన్ని. నాలుగోది బాగానే ఉంది, రెండు మంచాలు, కింద వేసుకోవడానికి ఒక పరుపు ఎక్కువ ఇస్తానన్నాడు, బకెట్టు కారడంలేదు. అందరం సంచులు మోసుకుంటూ వెళ్ళాం.

కౌంటరులో మనిషి ముందు నన్ను చూశాడు, తర్వాత మెడలో చూశాడు, తర్వాత పిల్లల్ని లెక్కపెట్టాడు. “ఫ్యామిలీ,” అని తనలో తను అనుకుని రిజిస్టరు తిప్పి మావారి ముందుకి తోశాడు. ఆయన కళ్ళజోడు ఏ సంచిలో ఉందో తెలియదు.

“నేను రాస్తాను,” అని కలం అందుకున్నాను.

పేరు, తండ్రి లేక భర్త పేరు, ఎక్కడినుండి, ఎక్కడికి, ఎంతమంది, వచ్చిన పని. పైన ఆ వారం దిగినవాళ్ళు రాసినవి చదివాను. ఆసుపత్రి. ఆసుపత్రి. ఇంటర్వ్యూ. కోర్టు. పెళ్ళి. ఆసుపత్రి. ఒకాయన ‘సొంతం’ అని మాత్రం రాశాడు. మా ముత్తాతగారు వసారా ముందు నిలబడి చెప్పింది, టావెర్నియే ద్వారం బయట కూచుని చెప్పింది, అన్నీ ఈ గళ్ళలోనే ఉన్నాయి.

మొదటి గడిలో నా పేరు రాశాను. చివరి గడిలో ‘ఊరు చూడ్డం’ అని రాశాను.

గుమాస్తా తలకిందులుగా చదివి, “ఓస్, అంతేనా అమ్మా?” అని తాళంచెవి ఇచ్చాడు. మూడో అంతస్తు. లిఫ్టు చెడిపోయింది. పిల్లలు ముందు పరిగెత్తి కిటికీ తెరిచారు. కింద సరాయి పైకప్పు కనబడుతోంది. దాని మీద రావిమొక్క ఒకటి మొలిచి ఉంది.